పదకొండు మందికీ ఒకే జబ్బు

నర్సమ్మ చెయ్యి మంచిదని ఆసుపత్రిలో అందరూ ఒప్పుకునేవాళ్ళు. ఆమె సూది వేస్తే వేసినట్టే తెలియదు. కట్టు కడితే మూడు రోజులైనా జారదు. ఏడ్చే పిల్లలు కూడా ఆమె చెయ్యి పడగానే ఏడుపు సగంలో ఆపేసి, ఎందుకు ఆపామా అన్నట్టు చూసేవాళ్ళు. అలాంటి చెయ్యి బావ కారు తాళం దగ్గరికొచ్చేసరికి ఎందుకూ కొరగాకుండా పోయింది.

తాళం తిప్పగానే కారు 'టక్' అనేది. అంతే. ఆ తర్వాత కోపమొచ్చిన కోడలిలా ఉలకదు, పలకదు.

బావ అంటే అక్క మొగుడు. ఆయన డ్రైవింగ్ స్కూలుకి ఉన్నది ఒకే కారు, ఒకే మాస్టారు. కారుకి రెండు బ్రేకులు, మాస్టారికి ఇద్దరి గొంతు. ఇరవై రెండేళ్ళలో ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పాడు. మిగతా సగం మంది ఆయన కారు కనపడగానే గోడ వారకి తప్పుకోవడం నేర్చుకున్నారు.

"దిగు మరదలా," అనేవాడు టక్‌మన్న ప్రతిసారీ.

ఆమె దిగేది. ఆయనా పక్క సీట్లోంచి దిగేవాడు. తొందరేమీ లేకుండా కారు ముందు నుంచి చుట్టి వచ్చేవాడు. దారిలో ఒక టైరుని కాలితో తట్టేవాడు. జేబురుమాలు తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకునేవాడు. సీటు వెనక్కి జరుపుకుని, అద్దంలో ముందు రోడ్డునీ ఆ తర్వాత మీసాన్నీ చూసుకుని, అప్పుడు తాళం తిప్పేవాడు. ఇంజను 'నేనెప్పుడు కాదన్నాను' అన్నట్టు లేచేది.

"చూశావా? కారు అదే, తాళం అదే. మారింది చెయ్యొక్కటే. ఆడలేక మద్దెల ఓడు అంటే ఏం లాభం?"

"నేనేమీ అనలేదు బావా."

"నువ్వు అనకపోయినా నీ మొహం అంటోంది."

నర్సమ్మ మొహం దించుకునేది. ఇది నవ్వుకుని వదిలేసే సంగతైతే ఆమే ముందు నవ్వేది. కానీ ఆసుపత్రికి ఒక చిన్న కారు వచ్చింది. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చే నర్సుకి ఆ కారు ఇస్తారు. ఆ పని ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది ఆమే. కానీ పెద్ద డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది: శుక్రవారం నుంచి కొత్త పద్ధతి, గురువారం సాయంత్రానికి లైసెన్సు కాగితం చూపించినవాళ్ళకే కారు, వాళ్ళకే ఇళ్ళు తిరిగే పని. చూపించలేకపోతే ఆ పని ఎక్స్‌రే గదిలో ఉన్న కొత్త నర్సుకి వెళ్ళిపోతుంది. ఈమె స్టోరులో కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకోవాలి. దుప్పట్లతో ఆమెకి తగవేమీ లేదు. కానీ తలుపు తీయగానే 'వచ్చావా తల్లీ' అని దుప్పటి అనదు కదా.

పరీక్షలో ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకే చోట. ఎత్తురోడ్డు మధ్యలో కారు ఆపి, ఇంజను కట్టేసి, మళ్ళీ స్టార్ట్ చేసి, వెనక్కి జారకుండా పైకి ఎక్కించాలి. తాళం మూడుసార్లు తిప్పే వరకు ఒప్పుకుంటారు. ఆమెకి మూడుసార్లూ టక్కే వచ్చింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు నిమ్మకు నీరెత్తినట్టు పక్కన కూర్చుని, అట్ట మీద కాగితంలో ఏదో రాసుకుని దిగిపోయాడు. ఆయన తన అభిప్రాయం ఆ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పడు. మూడో పరీక్ష గురువారం ఉదయం.

సోమవారం పాఠానికి వచ్చినప్పుడు, రేకుల పంచలో బెంచీ మీద మిగతా వాళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆమె మళ్ళీ టక్‌మనిపించి దిగింది. బెంచీ మొత్తం జాలిపడింది.

"మీరు సీట్లో నిండుగా కూర్చుని తిప్పుతున్నారమ్మా, అదే తప్పు," అన్నాడు ఇనప సామాన్ల కొట్టాయన. "కాస్త పైకి లేవాలి. బరువు తగ్గితే ఇంజనుకి తేలికవుతుంది."

"అదేం కాదండీ," అన్నాడు లెక్కల లెక్చరరు. "తిప్పే ముందు మనసులో పదమూడు వరకు లెక్కపెట్టాలి. పన్నెండుకి తిప్పితే పలకదు."

"పన్నెండుకి తిప్పి చూశారా?" అంది నర్సమ్మ.

"చూడలేదు. ఎందుకొచ్చిన రిస్కు."

చివర కూర్చున్న కొత్త పెళ్ళికూతురు గొంతు తగ్గించింది. "నేను హారన్ కొడతాను అక్కా. అప్పుడు దానికి తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

"మనం వచ్చామని."

నర్సమ్మ చదువుకున్న మనిషి. ఇవన్నీ నమ్మలేదు. అయినా బావ టీ తాగడానికి వెళ్ళగానే కారెక్కి, సీట్లోంచి సగం లేచి, పదమూడు లెక్కపెట్టి, హారన్ కొట్టి మరీ తిప్పింది. టక్‌మంది. టీ గ్లాసుతో తిరిగొచ్చిన బావ కిటికీలోంచి చూశాడు.

"తాళం తిప్పమంటే గుంజీలు తీస్తున్నావేంటి?"

తర్వాత ఆ రోజు 'తాళం సాధన' పెట్టాడు. ఇది బావ సొంతంగా కనిపెట్టిన వైద్యం. తాళం చెయ్యి కుదరనివాళ్ళు కారు కదలకుండా ఇంజను స్టార్ట్ చేయడం, కట్టేయడం, స్టార్ట్ చేయడం, కట్టేయడం. అలా పాఠానికి ఇరవైసార్లు. మధ్యలో మొరాయిస్తే ఆయన దిగి, చుట్టి వచ్చి, వేళ్ళు తుడుచుకుని, తిప్పి చూపించేవాడు.

మంగళవారం పాఠం అయ్యాక నర్సమ్మ రిజిస్టరులో సంతకం పెట్టడానికి కూర్చుంది. ఆ రిజిస్టరుని బావ దారంతో కారు అరకి కట్టి ఉంచాడు. ప్రతి పాఠానికీ తారీకు, ఎవరు నడిపారు, ఏం తప్పు చేశారు అని ఆయనే రాస్తాడు. ఆమె పేరు ఎదురుగా రోజూ రాసినదే ఉంది: 'తాళం చెయ్యి కుదరలేదు.' కనీసం మొదట్లోనైనా బాగా చేశానేమోనని ఆమె పేజీలు వెనక్కి తిప్పింది.

అప్పుడు లెక్చరరు పేరు కనపడింది. తాళం చెయ్యి కుదరలేదు. కొట్టాయన పేరు. తాళం చెయ్యి కుదరలేదు, లావు వేళ్ళు. కొత్త పెళ్ళికూతురు. తాళం చెయ్యి కుదరలేదు, గాజులు అడ్డం. ఇంకా వెనక్కి తిప్పింది. మూడు నెలల కింద ఈ మాట ఒక్కరికే ఉంది. ఆ తర్వాతి నెలలో అయిదుగురికి. ఈ నెలలో మొత్తం పదకొండు మందికీ.

ఆమె రిజిస్టరు మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఒకప్పుడు ఒకే సందులో పదకొండు మందికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరు నిన్నటి కూర అన్నారు, ఒకరు ఎండ అన్నారు, ఒకాయన దిష్టి అన్నాడు. నర్సమ్మ ఎవరి కడుపూ నొక్కి చూడలేదు. నేరుగా వెళ్ళి వీధి కుళాయి చూసింది. కింద గొట్టం పగిలి మురుగు కలుస్తోంది. పదకొండు మందికి ఒకే జబ్బు వస్తే ముందు చూడాల్సింది ఆ పదకొండు మందినీ కాదు.

ఆ కుళాయి ఇక్కడ ఎదురుగానే ఉంది. నాలుగు చక్రాలతో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ మానుకుని, కార్ల కరెంటు పని చేసే తాత షెడ్డుకి వెళ్ళింది. గోడ నిండా వైర్లు వేలాడుతున్నాయి. తాత స్టూలు మీద కూర్చుని ఏదో తీగ అతుకుతున్నాడు.

"బండి ఏదమ్మా?"

"మా బావ డ్రైవింగ్ స్కూలు కారండీ, తీసుకురాలేదు. లక్షణాలు చెప్తాను."

"రోగిని ఇంట్లో పడుకోబెట్టి లక్షణాలు చెప్తారా? మీ ఆసుపత్రిలో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోమండీ. తిడతాం."

"మరి నేనూ తిట్టొచ్చా?"

"ముందు జబ్బేంటో చెప్పి, తర్వాత తిట్టండి."

తాతకి ఆ జవాబు నచ్చింది. అతుకు పక్కన పెట్టాడు. "తాళం తిప్పితే ఏమంటుంది?"

"ఒక్కసారి టక్ అని ఊరుకుంటుంది."

"టకటకటకమని కొట్టుకోదా?"

"లేదండీ. ఒక్కటే."

"అప్పుడు లైట్లు వేసి ఉంటే మసకబారతాయా?"

నర్సమ్మ ఆలోచించింది. పోయిన వారం వాన పడ్డప్పుడు లైట్లు వేసే ఉన్నాయి. ఎదుటి గోడ మీద వెలుతురు చెక్కు చెదరలేదు. "తగ్గవండీ."

"అయితే బ్యాటరీ బాగానే ఉంది. ఒక్కోసారి మోటారు గిర్రున తిరిగి ఇంజను మాత్రం కదలకుండా ఉంటుందా?"

"రెండుసార్లు అయింది. ఒకసారి పళ్ళు నూరినట్టు గరగరమని కూడా అంది."

"మాడు వాసన?"

"వచ్చింది. అది నా క్లచ్ వాసన అన్నాడు మా బావ."

"కాసేపు వదిలేస్తే పలుకుతుందా?"

"నేను దిగి బావ ఎక్కగానే పలుకుతుందండీ."

"దిగి ఎక్కడానికి ఎంత సేపు?"

"మామూలు మనిషికైతే అర నిమిషం. మా బావకి అయిదు నిమిషాలు."

తాత తల పంకించాడు. "ఆ అయిదు నిమిషాల్లో చల్లబడుతుంది, పలుకుతుంది. మీ బావ చేతి మహిమ అందులో ఏమీ లేదు. సెల్ఫ్ పోతోందమ్మా. ఇంజనుని మొదట తిప్పి లేపే మోటారు అది. దాని లోపల కార్బన్లని ఉంటాయి, పెన్సిలు ముక్కల్లాంటివి. అవి అరిగితే మోటారుకి కరెంటు సరిగా అందదు. కానీ ఆ కారుకి కార్బన్లు నేనే వేశాను, నిండా ఏడాది కాలేదు. అప్పుడే ఎలా అరిగాయి?"

"తాళం చెయ్యి కుదరనివాళ్ళ చేత పాఠానికి ఇరవైసార్లు స్టార్ట్ చేయిస్తాడండీ."

"ఎంతమంది చేత?"

"పదకొండు మంది చేత."

తాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సెల్ఫ్ అరిగి మొరాయిస్తుంటే, మొరాయిస్తోందని ఇంకా అరగదీస్తున్నాడన్నమాట. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంటే తప్ప ఇది చేతకాదు."

కొత్త కార్బన్లు శనివారానికి గానీ రావన్నాడు. పరీక్ష రేపే అని ఆమె చెప్పింది. తాత గోడకున్న చిన్న సుత్తి చూపించాడు. "బానెట్ ఎత్తి మోటారు మీద ఒకరు మెల్లగా తడుతుంటే ఇంకొకరు తాళం తిప్పాలి. కార్బన్ కాస్త జరిగి తగులుకుంటుంది. అది వైద్యం కాదమ్మా, రోగిని కొట్టి లేపడం. తట్టిన ఆ ఒక్కసారికి పనిచేస్తుంది."

ఆ సాయంత్రం నర్సమ్మ అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంది. బావ రెండో ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఆగి, చెప్పాల్సింది చెప్పేసింది.

"నా కారుకి జబ్బా?" అన్నాడు బావ. "ఆడలేక..."

"మద్దెల నిజంగానే ఓడైతే బావా? అప్పుడేమంటావు? నేను చెప్పడం లేదు, నీ రిజిస్టరే చెప్తోంది. పదకొండు మందికీ ఒకే జబ్బు రాశావు."

"అందరూ కొత్తవాళ్ళు. కొత్తవాళ్ళకి అందరికీ ఒకే తప్పు వస్తుంది."

అక్క అన్నం గిన్నె కింద పెట్టింది. "అయితే వారం రోజులుగా పొద్దున్నే నన్ను లేపి కార్లో కూర్చోబెట్టి తాళం తిప్పమని, మీరు బానెట్ కింద దూరి సుత్తితో కొడుతున్నది దేన్ని? దోమల్నా?"

బావ తేలు కుట్టిన దొంగలా మజ్జిగ వైపు చూశాడు. నర్సమ్మ అక్క వైపు చూసింది.

"నీకెందుకు చెప్పలేదంటే," అంది అక్క, "ఇంజనుకి పొద్దున్నే ఒళ్ళు పట్టాలని చెప్పారు. నేను నమ్మాను. కాకి పిల్ల కాకికి ముద్దు, మనకెందుకులే అనుకున్నాను."

బావ మజ్జిగ గ్లాసు పక్కకి జరిపాడు. ఆయన గొంతు ఒక మనిషి గొంతంత తగ్గింది. "నాకూ వారం కిందటే అనుమానం వచ్చింది. కానీ ఇప్పుడు చెప్తే ఆ పదకొండు మందీ నన్ను బతకనిస్తారా? కొట్టాయన వేళ్ళు సన్నబడాలని వేణ్ణీళ్ళలో పెట్టించాను. ఆ అమ్మాయి చేత గాజులు తీయించాను. లెక్చరరు చేత రబ్బరు బంతి కొనిపించాను, పిసకమని. ఆయన క్లాసులో కూడా పిసుకుతున్నాడట."

నవ్వు ఆపుకోలేక అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. నర్సమ్మకి నవ్వు రాలేదు. "రేపు ఎత్తురోడ్డు మీద మొరాయిస్తే వచ్చి సుత్తితో తడతావా బావా? నాకు ఇదే ఆఖరిసారి. రేపు సాయంత్రం లోపల కాగితం చూపించకపోతే ఆ ఇళ్ళకి ఇక నేను వెళ్ళను."

"అందరి ముందా?"

"అందరి ముందే పరీక్ష కదా."

బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

గురువారం ఉదయం ఎత్తురోడ్డు కింద చెట్ల నీడలో శిష్యులందరూ చేరారు. ఆ రోజు పరీక్ష ఆమెకొక్కదానికే. మిగతా పది మందీ ధైర్యం చెప్పడానికి వచ్చామన్నారు. చూడ్డానికి వచ్చారు. బావ వాళ్ళ మధ్య చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. ఆ పొద్దున కారుని ఇంజను నడుస్తుండగానే తెచ్చి మరదలికి అప్పగించాడు.

నర్సమ్మ మలుపులు బాగా తిప్పింది. వెనక్కి బాగా నడిపింది. ఇన్‌స్పెక్టరు పెన్సిలు ఎత్తురోడ్డు వైపు చూపించింది. సగం ఎక్కాక పెన్సిలు ఆగమంది. ఆమె ఆగి, బ్రేకు లాగి, ఇంజను కట్టేసింది.

తిప్పింది. టక్.

కింద నుంచి హారన్ కొట్టమని సైగ చేస్తూ కొత్త పెళ్ళికూతురు చెయ్యి ఆడించింది. నర్సమ్మ రెండోసారి తిప్పింది. టక్. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రెండో గీత గీశాడు.

ఆమె తాళం మీద నుంచి చెయ్యి తీసేసింది. "అయ్యా, మూడోది తిప్పే ముందు ఒక మాట. ఇది చేతి తప్పు కాదండీ. ఈ కారుకి సెల్ఫ్ పోయింది. లైట్లు వేసే తిప్పాను, ఎదుటి మైలురాయి మీద చూడండి, మసకబారలేదు. అంటే బ్యాటరీ బాగుంది. మోటారు తిరగడం లేదు."

ఇన్‌స్పెక్టరు రాయి వైపు చూశాడు. తర్వాత కాగితం తిరగేసి వెనక అచ్చువేసిన నియమాల మీద పెన్సిలు జరుపుకుంటూ వెళ్ళాడు. కారులో లోపం ఉంటే పరీక్ష వచ్చే నెలకి వాయిదా అని ఆమెకి తెలుసు. వచ్చే నెలంటే దుప్పట్లే.

"బ్రేకులు," అని చదివాడు ఇన్‌స్పెక్టరు. ఆయన గొంతు వినడం ఆమెకి అదే మొదటిసారి. మనిషికి తగ్గట్టు లేదు, సన్నగా చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "లైట్లు. స్టీరింగు. హారను. అద్దాలు. వీటిలో లోపం ఉంటే వాయిదా. సెల్ఫ్ అని ఎక్కడా లేదు."

"అయితే బానెట్ ఎత్తించొచ్చాండీ?"

మళ్ళీ పెన్సిలు కిందికి జరిగింది. "నడపడంలో ఇతరుల సాయం కూడదు. బానెట్ ఎత్తడం నడపడం కాదు. తాళం మాత్రం మీరే తిప్పాలి. ఒక్కసారే ఉంది."

నర్సమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. రోగి నిద్రపోతుంటే తలుపు చప్పుడు కాకుండా వేసే మనిషి, రోడ్డు మీద ఎప్పుడూ గొంతెత్తి ఎరగని మనిషి, "బావా," అని అరిచింది. "సుత్తి తీసుకుని రా."

పది తలలు బావ వైపు తిరిగాయి. బావ ఆకాశం వైపు చూశాడు. తన చెప్పుల వైపు చూశాడు. అంతసేపూ వెనక కట్టుకున్న చేతులు విప్పాడు. కుడి చేతిలో సుత్తి ఉంది.

"మాస్టారూ, అదేంటి?" అన్నాడు లెక్చరరు.

"సుత్తి."

"సుత్తని తెలుస్తోంది. ఎందుకని?"

బావ నాలుగడుగులు ఎక్కి ఆగాడు. వెనక్కి తిరగలేదు. "సెల్ఫ్ పోయింది. మూడు నెలలైంది. మీ చేతులన్నీ బాగానే ఉన్నాయి."

"నావి కూడానా?" అన్నాడు కొట్టాయన, తన పది వేళ్ళనీ ఎదురుగా పట్టుకుని.

"మీవీ బాగానే ఉన్నాయి."

ఇంకెవరైనా ఏదైనా అడిగేలోపు బావ మిగతా ఎత్తు దాదాపు పరిగెత్తినట్టు ఎక్కి, బానెట్ ఎత్తి, తల లోపల దాచుకున్నాడు. ఈసారి టైరు తట్టలేదు, వేళ్ళు తుడుచుకోలేదు. లోపలి నుంచి టిక్కు టిక్కుమని సుత్తి చప్పుడు మొదలైంది. "తిప్పు మరదలా," అన్నాడు.

ఆమె లెక్కపెట్టలేదు, లేవలేదు. సీట్లో నిండుగా కూర్చుని తిప్పింది. ఇంజను లేచింది.

బావ బానెట్ దించి పక్కకి జరిగాడు. కారు అంగుళం కూడా వెనక్కి జారకుండా పైకి కదిలింది. అద్దంలో ఆమెకి బావ ఒక్కడే రోడ్డు మధ్యలో సుత్తితో నిలబడి కనిపించాడు. పది మందీ చెట్ల నీడ వదిలి పైకి వస్తున్నారు. అందరికన్నా ముందు లెక్చరరు నడుస్తున్నాడు. ఆ దూరం నుంచి ఆయన చేతిలో ఏముందో ఆమెకి సరిగా కనపడలేదు. గుండ్రంగా ఉన్నట్టుంది.

పైన చదును దగ్గర పెన్సిలు ఆగమంది. ఆగింది.

"ఇంజను కట్టేయండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు సంతకం పెట్టాక కడతానండి," అంది నర్సమ్మ.

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. ఇరవై నాలుగు ప్రశ్నల కాగితంలో ఈ పరిస్థితికి గడి లేదు. ఇంజను గుడగుడమంటుండగా కాగితం తొడ మీద పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి రాశాడు. అక్షరాలు వణికాయి గానీ మాట స్పష్టంగానే ఉంది. ఉత్తీర్ణత. కింద సంతకం. ఆమె రెండుసార్లు చదువుకుని, అప్పుడు కట్టేసింది.

తలుపు తీయబోయిన ఇన్‌స్పెక్టరు ఆగాడు. "పోయిన రెండుసార్లూ ఇదే కారా?"

"ఇదేనండీ."

"ఈ కారులో ఈ మూడు నెలల్లో ఇంకెంతమందిని తప్పించాను?"

"నలుగుర్నండీ. అందరూ కిందే ఉన్నారు."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి, అట్ట కింద నుంచి మళ్ళీ పరీక్ష పెట్టడానికి నాలుగు కొత్త కాగితాలు తీసుకుని, తప్పు చేసిన పిల్లాడిలా వాటి అంచులు సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

ఆయన్నీ, కారునీ ఎలా కిందికి దింపాలో బావ చూసుకుంటాడు. అసలు బావని ఎలా దింపాలో ఆ పది మంది చూసుకుంటారు. నర్సమ్మ తడి సిరా అంటకుండా కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆసుపత్రి వైపు నడిచింది. నాలుగడుగులు వేసేసరికి ఆ నడక పరుగైంది.